సాంగ్‌బర్డ్: పాటల అరలో వెబ్ కిటికీ

సాంగ్‌బర్డ్ ఒక మ్యూజిక్ ప్లేయర్. కంప్యూటర్లో దాచుకున్న పాటలను వరసగా పేర్చి వినిపించడం దాని మొదటి పని. వెబ్‌లో ఉన్న పాటలను వెతికి పట్టుకునే బ్రౌజర్‌ను కూడా అదే కిటికీలో అమర్చుకోవడం దాని ప్రత్యేకత. శాన్‌ఫ్రాన్సిస్కోలోని పయొనీర్స్ ఆఫ్ ది ఇనెవిటబుల్ అనే చిన్న సంస్థ దీన్ని తయారుచేసి, 2006 ఫిబ్రవరిలో తొలి కూర్పును విడుదల చేసింది. సోర్స్ కోడ్‌ను గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు కింద అందరికీ తెరిచి పెట్టింది. అంటే ఎవరైనా ఆ ప్లేయర్‌ను వాడుకోవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పదిమందికీ పంచవచ్చు. పంచేటప్పుడు ఆ మార్పుల కోడ్‌ను కూడా ఇవ్వాలన్నదే షరతు.

సంస్థను స్థాపించిన రాబ్ లార్డ్‌కు అప్పటికే వెబ్ సంగీతంతో చాలా ఏళ్ల పరిచయం ఉంది. 1993లో జెఫ్ ప్యాటర్సన్, జాన్ లుయినీలతో కలిసి శాంటాక్రూజ్‌లో ఇంటర్నెట్ అండర్‌గ్రౌండ్ మ్యూజిక్ ఆర్కైవ్‌ను మొదలుపెట్టినవాడు ఆయన. ఏ కంపెనీతోనూ ఒప్పందం లేని గాయకులు, బ్యాండ్లు తమ పాటలను నేరుగా నెట్‌లో పెట్టుకునే వీలు కల్పించిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. ఆ తరువాత ఆయన విన్‌యాంప్ ప్లేయర్‌ను తయారుచేసిన నల్‌సాఫ్ట్‌లో పనిచేశాడు. పాడేవాడికీ వినేవాడికీ మధ్య అడ్డు తగ్గాలన్న ఆలోచన అప్పటినుంచీ ఆయన వెంట ఉంది. సాంగ్‌బర్డ్ ఆ ఆలోచనకు కొనసాగింపు.

2006 నాటికి కంప్యూటర్లో పాటలు వినడం మామూలైపోయింది. 1997లో వచ్చిన విన్‌యాంప్ తేలికగా ఉండేది. విండోస్‌తోనే వచ్చే మీడియా ప్లేయర్ ప్రతి ఇంట్లోనూ ఉండేది. 2001లో వచ్చిన యాపిల్ ఐట్యూన్స్, 2003లో తన పాటల దుకాణాన్ని ప్లేయర్ లోపలే తెరిచింది. పాట కొనడం, దాచుకోవడం, వినడం ఒకే చోట జరిగిపోవడం జనానికి నచ్చింది. అయితే ఆ ప్లేయర్‌లోంచి కనిపించే దుకాణం ఒక్కటే, అది యాపిల్‌ది. భారతదేశంలో ఆ దుకాణం తెరుచుకున్నది 2012 డిసెంబరులో. అంతవరకూ ఇక్కడి శ్రోతకు ఆ సౌకర్యం అందలేదు. సాంగ్‌బర్డ్ తయారీదారులు ఆ ఒక్క దుకాణం స్థానంలో వెబ్ మొత్తాన్నీ పెట్టాలనుకున్నారు. ప్లేయర్‌లోకి బ్రౌజర్ వచ్చి చేరడానికి కారణం ఇదే.

ఈ ఆలోచన విలువ విశాఖపట్నం లాంటి ఊరినుంచి చూస్తే బాగా తెలుస్తుంది. ఈ ఊళ్లో పాట వినే పద్ధతి అరవై ఏళ్లలో చాలా మార్పులు చూసింది. 1963లో ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం మొదలైంది. మీడియం వేవ్‌లో 927 కిలోహెర్ట్జ్ మీద రేవు కార్మికుల ఇళ్లలోనూ, అగ్రహారాల్లోనూ, ఏజెన్సీ పల్లెల్లోనూ ఒకే పాట మోగేది. ఏ పాట, ఏ వేళకు అన్నది కేంద్రం నిర్ణయించేది. తరువాత వచ్చిన క్యాసెట్టుతో ఆ నిర్ణయం శ్రోత చేతికి వచ్చింది. కావాల్సిన పాటల జాబితా రాసిచ్చి ఖాళీ క్యాసెట్టు మీద ఎక్కించుకునే అలవాటు అప్పటిదే. ఆ తరువాత ఎంపీ3 సీడీలు వచ్చాయి. మామూలు ఆడియో సీడీలో పదిహేను, పద్దెనిమిది పాటలు పడితే, నిమిషానికి ఒక మెగాబైటు చొప్పున కుదించిన ఎంపీ3లు 700 మెగాబైట్ల సీడీలో నూట యాభై దాకా పట్టేవి. ఘంటసాల పాటలన్నీ ఒకే సీడీలో, సుశీల పాటలన్నీ ఇంకో సీడీలో అన్నట్టు ఇంటింటా పాటలు పోగుపడ్డాయి.

వెబ్‌నుంచి పాట తెచ్చుకోవడం మాత్రం అంత సులువుగా ఉండేది కాదు. టెలిఫోన్ తీగ మీద నడిచే డయలప్ కనెక్షన్ సెకనుకు 56 కిలోబిట్లకు మించి ఇచ్చేది కాదు. నాలుగున్నర మెగాబైట్ల పాట దిగడానికి ఎంత లేదన్నా పదకొండు నిమిషాలు పట్టేది. మధ్యలో ఫోను మోగితే మళ్లీ మొదటికి. 2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టింది. దాని వేగం 256 కిలోబిట్లు. ఎంపీ3 పాటకు సాధారణంగా సెకనుకు 128 కిలోబిట్లు చాలు. పాట మోగే వేగం కంటే దిగే వేగం ఎక్కువ కావడంతో, డౌన్‌లోడ్ పూర్తయ్యేదాకా ఆగక్కరలేకుండా వెబ్ పేజీనుంచే నేరుగా వినడం వీలైంది. అమెరికాలో ఈ మార్పు కొన్నేళ్లు ముందే వచ్చింది. గాజువాకలోనూ, ఉక్కునగరం క్వార్టర్లలోనూ అది సరిగ్గా సాంగ్‌బర్డ్ పుట్టిన రోజుల్లోనే జరిగింది.

సాంగ్‌బర్డ్ నిర్మాణంలో తయారీదారులు అన్నీ మొదటినుంచి రాసుకోలేదు. అప్పటికే ఉన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ముక్కలను తెచ్చి ఒకచోట బిగించారు. ఓపెన్ సోర్స్ పద్ధతికి ఉన్న అసలు బలం ఇదే. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ 1.0 కూర్పు 2004 నవంబరులో వచ్చింది. దాన్ని తయారుచేసిన మొజిల్లా, బ్రౌజర్ అడుగున ఉండే యంత్రాంగాన్ని జూల్‌రన్నర్ పేరుతో విడిగా కూడా ఇచ్చింది. వెబ్ పేజీని తెర మీద గీసే గెకో ఇంజిన్ అందులోనే ఉంటుంది. సాంగ్‌బర్డ్ ఆ పునాది మీద లేచింది. అందుకే దానిలోని బ్రౌజర్ నామమాత్రపు బ్రౌజర్ కాదు. ట్యాబులు, బుక్‌మార్కులు, ముందుకూ వెనక్కూ వెళ్లే బాణాలు, చిరునామా పట్టీ అన్నీ ఫైర్‌ఫాక్స్‌లో ఉన్నట్టే ఉండేవి.

పాట వినిపించే భాగానికి తొలి రోజుల్లో వీఎల్‌సీ ప్లేయర్ కోడ్‌ను వాడుకున్నారు. తరువాత జీస్ట్రీమర్‌కు మారారు. రకరకాల ఫార్మాట్ల ధ్వనిని విప్పి స్పీకరుకు పంపే గొట్టాల అమరిక లాంటి సాఫ్ట్‌వేర్ అది. పాటల పేర్లు, గాయకులు, ఎన్నిసార్లు విన్నది మొదలైన వివరాలన్నీ ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో దాచేవారు. ఎవరో ఫ్రాన్సులో రాసిన కోడ్, ఎవరో అమెరికాలో రాసిన కోడ్, ఊరూ పేరూ తెలియని ఎందరో దిద్దిన కోడ్ కలిసి ఒక ప్లేయర్ అయింది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా అది నడిచింది. 2008 డిసెంబరు 2న 1.0 కూర్పు విడుదలైంది.

ప్లేయర్ తెరిస్తే ఎడమ వైపు సన్నని పట్టీ కనిపించేది. అందులో పాటల భాండాగారం, శ్రోత తయారుచేసుకున్న ప్లేలిస్టులు, తరచూ చూసే వెబ్‌సైట్లు, తగిలించిన ఐపాడ్ లాంటి పరికరాలు ఒకదాని కింద ఒకటి ఉండేవి. భాండాగారాన్ని నొక్కితే మధ్యలో పాటల పట్టిక వచ్చేది. వెబ్‌సైట్‌ను నొక్కితే అదే చోట పేజీ తెరుచుకునేది. సొంత ఫోల్డర్లోని పాటకూ, ఎక్కడో సర్వర్లో ఉన్న పాటకూ మధ్య శ్రోత కంటికి తేడా లేకుండా చేయడమే ఈ అమరిక ఉద్దేశం.

అసలు విశేషం పేజీ తెరుచుకున్నాక కనిపించేది. గెకో ఆ పేజీని గీస్తుండగానే సాంగ్‌బర్డ్ దానిలోని లింకులన్నీ ఒక్కొక్కటిగా చూసేది. ఎంపీ3, ఆగ్ వంటి పాట ఫైలుకు వెళ్లే లింకు కనబడగానే పక్కన పెట్టుకునేది. పేజీ పూర్తయ్యేసరికి కింద ఇంకో అర తెరుచుకుని, ఆ పేజీలో ఉన్న పాటలన్నీ పట్టికలా వచ్చేవి. పాట పేరు ఒక నిలువు వరుసలో, గాయకుడు ఇంకో వరుసలో, నిడివి మరో వరుసలో. రెండుసార్లు నొక్కితే పాట మోగేది. డౌన్‌లోడ్ గుర్తు నొక్కితే సొంత భాండాగారంలో చేరేది. పేజీకి చందాదారు కావచ్చు కూడా. అప్పుడు సాంగ్‌బర్డ్ తనంతట తానే అప్పుడప్పుడూ ఆ పేజీకి వెళ్లి, కొత్త పాట వచ్చి ఉంటే పట్టికలో కలిపేది. వెబ్ పేజీయే ప్లేలిస్టు కావడం అంతకుముందు మామూలు శ్రోతకు ఎరుకలేని సంగతి.

పాట ఇంకా దిగకుండానే దాని పేరు, గాయకుడు ఎలా తెలుస్తాయన్న ప్రశ్నకు సమాధానం ఎంపీ3 ఫైలు నిర్మాణంలో ఉంది. పాట వివరాలను ఫైలులోనే దాచే అరను ఐడీ3 ట్యాగ్ అంటారు. దాని రెండో తరం కూర్పులో ఈ వివరాలు ఫైలు మొదట్లోనే ఉంటాయి. ఫైలు తలభాగం కొంచెం తెచ్చుకుంటే చాలు, వివరాలు చదివేయవచ్చు. మొదటి తరం కూర్పులో ఇవే వివరాలు ఫైలు చివరి 128 బైట్లలో ఉండేవి. వెబ్‌లో ఉన్న పాట విషయంలో ఈ తేడా పెద్దదే.

ఇలాంటి ప్లేయర్‌కు తగిన మేత వెబ్‌లో ఎక్కడ ఉందన్నది తరువాతి ప్రశ్న. హక్కుల కాలం తీరిన పాత రికార్డులు ఇందుకు మంచి ఉదాహరణ. భారత కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగు మీద హక్కు, అది విడుదలైన మరుసటి ఏడాది మొదలుకుని 60 ఏళ్లు ఉంటుంది. ఆ లెక్కన 1950ల నాటి గ్రామఫోన్ రికార్డుల మీద ఆ హక్కు ఎప్పుడో తీరిపోయింది. విజయనగరం సంగీత కళాశాలలో బోధించి, ప్రిన్సిపాల్‌గా చేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు 1964లో కన్నుమూశారు. ఆ కాలపు రికార్డులో ఆయన వయొలిన్ మీద త్యాగరాజ కృతి వాయించి ఉంటే, కృతి మీదా రికార్డు మీదా ఎవరి హక్కూ మిగల్లేదు. 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటి గ్రంథాలయాలు ఇలాంటి పాత రికార్డులను నేరుగా ఫైలు లింకులతో పేజీల్లో ఉంచుతాయి. సాంగ్‌బర్డ్ చదవగలిగేది సరిగ్గా అలాంటి పేజీలనే. రాబ్ లార్డ్ 1993లో మొదలుపెట్టిన పాటల భాండాగారం 2006లో మూతపడితే, అందులోని పాటలను 2012లో భద్రంగా అందరికీ అందుబాటులో పెట్టినది కూడా ఆ ఆర్కైవే.

సినిమా పాటల సంగతి వేరు. వెబ్‌లో దొరికే తెలుగు సినిమా పాటల్లో చాలా భాగం హక్కుదారుల అనుమతి లేకుండా పెట్టినవే. లింకు కనబడితే పట్టికలో చేర్చడం ప్లేయర్ చేసే పని. ఆ పాట తీసుకోవడం న్యాయమా కాదా అన్నది తేల్చుకోవాల్సింది శ్రోతే. పాట మీద బతికేవాళ్ల హక్కును గౌరవించని పాటల పోగు ఎంత పెద్దదైనా గర్వించదగినది కాదు.

తెలుగు లిపి విషయంలో సాంగ్‌బర్డ్‌కు మొజిల్లా పునాది మేలు చేసింది. తొలినాళ్లలో తెలుగు వెబ్‌సైట్లు ఎవరికి వారు సొంత ఫాంట్లు వాడేవి. ఒక పత్రిక అక్షరాలు ఇంకో పత్రిక ఫాంటుతో చూస్తే అర్థంలేని గుర్తులుగా కనబడేవి. ఈ చిక్కు తీర్చడానికి నాగార్జున వెన్న పద్మ అనే యాడాన్‌ను మొజిల్లా బ్రౌజర్ల కోసం తయారుచేశారు. అది పాత ఫాంట్లలోని తెలుగును యూనికోడ్‌లోకి మార్చి చూపేది. తెలుగు వికీపీడియాకు 2003 డిసెంబరులో శ్రీకారం చుట్టినది కూడా ఆయనే. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాక యూనికోడ్ తెలుగు ఇళ్లలోకి చేరింది. 2008లో ఫైర్‌ఫాక్స్ 3తో వచ్చిన గెకో 1.9 కూర్పు లినక్స్‌లో కూడా ఒత్తులను, గుణింతాలను సరిగా కూర్చింది. సాంగ్‌బర్డ్ 1.0 దాని మీదే నిలిచింది కాబట్టి, పాటల పట్టికలో తెలుగు పేరు తెలుగులా కనబడటానికి దాని తయారీదారులు వేరే కష్టపడనక్కరలేకపోయింది.

కష్టమంతా పాట ఫైలులోనే ఉంది. 1996లో వచ్చిన ఐడీ3 మొదటి కూర్పులో పాట పేరుకు 30 బైట్లు, గాయకుడికి 30 బైట్లు, ఆల్బమ్‌కు 30 బైట్లు కేటాయించారు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటులో పడుతుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికైనా, గుణింతపు గుర్తుకైనా, పొల్లుకైనా మూడేసి బైట్లు కావాలి. ఘంటసాల వెంకటేశ్వరరావు అన్న పేరు రాయడానికి 61 బైట్లు పడతాయి. ముప్పై బైట్ల అరలో ఆ పేరు పెడితే ‘ఘంటసాల వెం’ వరకు 28 బైట్లతో నిలుస్తుంది. మిగిలిన రెండు బైట్లలో సగం తెగిన ‘క’ చిక్కుకుని, తెర మీద ప్రశ్న గుర్తుగానో ఖాళీ పెట్టెగానో కనబడుతుంది. రెండో తరం ఐడీ3 ఈ ఇరుకును తొలగించింది. 1999 నాటి 2.3 కూర్పు యూనికోడ్‌ను, 2000 నాటి 2.4 కూర్పు యూటీఎఫ్-8ను ఒప్పుకున్నాయి. అప్పటినుంచి ఎంత పొడుగు పేరైనా తెలుగులో రాసుకోవచ్చు.

అయినా తెలుగు పాటల ఫైళ్లలో అధిక భాగం ఇంగ్లీషు అక్షరాల పేర్లతోనే తిరుగుతున్నాయి. దానివల్ల వచ్చే నష్టం పాటల పట్టిక తెరిస్తే కళ్లకు కడుతుంది. ఇంగ్లీషులో ఘంటసాల పేరును ఒకరు ‘హెచ్’తో, ఇంకొకరు ‘హెచ్’ లేకుండా, మరొకరు దీర్ఘానికి రెండు ‘ఏ’లతో రాస్తారు. ప్లేయర్‌కు ఆ మూడు పేర్లూ ముగ్గురు వేర్వేరు గాయకులవి. విజయనగరంలో పుట్టిన సుశీల పేరుకూ ఇదే గతి. పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర విజయనగరంలో శిష్యరికం చేసిన ఘంటసాల పాటలన్నీ ఒకచోట వినాలనుకున్న శ్రోతకు, ఆ పాటలు మూడు చోట్ల చెల్లాచెదురుగా దొరుకుతాయి. పేరు తెలుగులో రాస్తే ఈ గొడవ చాలావరకు ఉండదు.

గాయకుడితో పని అయిపోదు. తెలుగు శ్రోతకు పాట రాసినవారి పేరు ముఖ్యం. 1978లో వచ్చిన మరో చరిత్రను తీసుకుంటే, అది విశాఖ, భీమిలి తీరాల్లో తీసిన సినిమా. స్వరాలు ఎం.ఎస్. విశ్వనాథన్‌వి, పాటలు ఆచార్య ఆత్రేయవి. పాడినవాళ్లలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, సుశీల, వాణీ జయరాం, ఎల్.ఆర్. ఈశ్వరి ఉన్నారు. ఐడీ3 రెండో తరంలో స్వరకర్తకు ఒక అర, సాహిత్యం రాసినవారికి వేరే అర ఉన్నాయి. వాటిని నింపితే ఆత్రేయ పాటలన్నీ ఒక్క నొక్కుతో ముందుకు వస్తాయి. నింపకపోతే ఆత్రేయ ఆ పట్టికలో ఎక్కడా ఉండడు. చాలా ఫైళ్లలో ఆ అర ఖాళీగానే ఉంటుంది.

సంగీత రకం అర సంగతీ అంతే. ఐడీ3 మొదటి కూర్పులో 80 రకాల జాబితా ఇచ్చి, వాటిలో ఒకటి ఎంచుకోమన్నారు. బ్లూస్, జాజ్, రాక్ అందులో ఉన్నాయి. ఆదిభట్ల నారాయణదాసు విజయనగరంలో శిఖరానికి చేర్చిన హరికథ లేదు. ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లు లేవు, జముకుల కథ లేదు. రెండో కూర్పులో ఆ జాబితాతో నిమిత్తం లేకుండా సొంత మాటలో రాసుకునే వీలు వచ్చింది. హరికథ అని తెలుగులో రాస్తే ప్లేయర్ దాన్ని ఒక రకంగా గుర్తించి, ఆ ఫైళ్లన్నీ ఒక కుప్ప చేస్తుంది. ఒక ప్రాంతపు కళకు డిజిటల్ పట్టికలో చోటు దొరకాలంటే ఆ ప్రాంతం వాళ్లే దాని పేరు రాయాలి.

సాంగ్‌బర్డ్‌ను ఇష్టపడినవాళ్లు దాన్ని తమకు నచ్చినట్టు మార్చుకున్నారు. రూపాన్ని మార్చే తొడుగులకు ఫెదర్స్, అంటే ఈకలు, అని పేరు పెట్టారు. పనులు పెంచే యాడాన్లు ఫైర్‌ఫాక్స్‌లో ఉన్నట్టే ఉండేవి. మ్యాష్‌టేప్ అనే యాడాన్ మోగుతున్న పాట గాయకుడి జీవిత వివరాలు, ఫొటోలు, వీడియోలు, వార్తలు వెబ్‌నుంచి తెచ్చి కింద చూపేది. ఇంకొకటి సమీపంలో జరగబోయే కచేరీల కబురు చెప్పేది. విన్న పాటల జాబితాను లాస్ట్ ఎఫ్ఎం సైటుకు పంపేది మరొకటి. పాట వింటూ దాని చుట్టూ ఉన్న సమాచారంలోకి వెళ్లిపోవడం అప్పట్లో కొత్త అనుభవం.

ఇబ్బందులు కూడా తక్కువ కాదు. బ్రౌజర్ మొత్తాన్నీ వెంటేసుకుని తిరిగే ప్లేయర్ కాబట్టి మెమరీ ఎక్కువ తినేది. తెరుచుకోవడానికి సమయం పట్టేది. 512 మెగాబైట్ల ర్యామ్ ఉన్న కంప్యూటర్ల కాలంలో అది పెద్ద లోటే. ఎంపీ3 మీద పేటెంట్లు ఉండటంతో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఆ ఫార్మాట్ ఎప్పుడూ తలనొప్పే. పలు లినక్స్ పంపిణీలు ఎంపీ3 కోడెక్‌ను తమతో ఇవ్వకుండా, వాడుకరినే విడిగా తెచ్చుకోమనేవి. ఆ పేటెంట్ల లైసెన్సు కార్యక్రమం ముగిసింది 2017 ఏప్రిల్లో. పేటెంట్ల బాధ లేని ఆగ్ వోర్బిస్, ఫ్లాక్ ఫార్మాట్లను సాంగ్‌బర్డ్ మొదటినుంచీ ఆదరించింది. కానీ తెలుగు పాటల సైట్లలో ఎంపీ3 తప్ప వేరే ఫార్మాట్ దాదాపు కనిపించేది కాదు.

2010 ఏప్రిల్లో సంస్థ లినక్స్ కూర్పును ఆపేస్తున్నట్టు ప్రకటించింది. మూడు వ్యవస్థలకూ కోడ్ నిలబెట్టడం చిన్న బృందానికి భారమైంది. ఓపెన్ సోర్స్ పరీక్షకు నిలబడాల్సిన ఘట్టం ఇదే. కోడ్ తెరిచి ఉంది కాబట్టి, లినక్స్ వాడుకరుల్లో కొందరు దాన్ని తీసుకుని నైటింగేల్ అనే కొత్త ప్లేయర్‌గా కొనసాగించారు. పేరు మార్చాల్సి వచ్చింది, ఎందుకంటే లైసెన్సు కోడ్‌ను ఇస్తుంది కానీ సంస్థ పేరును, గుర్తును ఇవ్వదు. మూసివున్న సాఫ్ట్‌వేర్ అయితే ఆ ప్రకటనతోనే లినక్స్ వాడుకరుల కథ ముగిసేది. ఇక్కడ ఇంకొన్నేళ్లు నడిచింది.

అయితే కోడ్ తెరిచి ఉండటం ఒక్కటే సరిపోదని కూడా నైటింగేల్ కథ చెబుతుంది. తీరిక వేళల్లో పనిచేసే కొద్దిమంది స్వచ్ఛంద సేవకులు అంత పెద్ద కోడ్‌ను మోయాల్సి వచ్చింది. అడుగున ఉన్న జూల్‌రన్నర్‌ను మొజిల్లా క్రమంగా వదిలేసింది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57తో పాత తరహా యాడాన్లకూ కాలం చెల్లింది. అప్పటికే నైటింగేల్‌లో కదలిక నిలిచిపోయింది. అందరికీ హక్కున్న కోడ్ బతకాలంటే, దాన్ని మోసే చేతులు కూడా కావాలి.

మాతృసంస్థ అంతకు ముందే చేతులెత్తేసింది. ఫోన్ల మీదికి, సామాజిక మాధ్యమాల తరహాలోకి మారే ప్రయత్నం చేసి, వ్యాపారం నడపడానికి డబ్బు చాలక 2013 జూన్ 28న మూతపడింది. కాలం కూడా కలిసిరాలేదు. 2008లో ఐరోపాలో స్పాటిఫై వచ్చింది. భారతదేశంలో సావన్, గానా లాంటి సేవలు పుంజుకున్నాయి. పాటను దాచుకోవడం మాని, అడిగినప్పుడు వినడం కొత్త అలవాటైంది. 2014 అక్టోబరులో ప్రమాణంగా ఖరారైన హెచ్‌టీఎంఎల్5, పాట వినిపించే పనిని బ్రౌజర్‌కే అప్పగించింది. ప్లేయర్‌లోకి బ్రౌజర్‌ను తేవాలని సాంగ్‌బర్డ్ చూస్తే, చివరికి బ్రౌజరే ప్లేయర్ అయింది. స్పాటిఫై కంప్యూటర్ కూర్పు లోపల నడిచేది కూడా క్రోమియం బ్రౌజర్ ఇంజినే.

అంటే సాంగ్‌బర్డ్ ఆలోచన ఓడిపోలేదు, దాని యాజమాన్యం మారింది. ఇప్పటి సేవల్లో పాటల కిటికీ ఒక్క కంపెనీ సర్వర్లోకే తెరుచుకుంటుంది. అక్కడ ఏ పాట ఉండాలన్నది ఆ కంపెనీకీ, హక్కుదారులకూ మధ్య ఒప్పందాల మీద ఆధారపడుతుంది. ఒప్పందం తీరితే నిన్న విన్న పాట ఇవాళ పట్టికలో ఉండదు. శ్రోత ఏళ్ల తరబడి కట్టుకున్న ప్లేలిస్టు ఆ కంపెనీ పొలిమేర దాటి అంత సులువుగా బయటికి రాదు. పేర్లలో తప్పులుంటే దిద్దే వీలు శ్రోతకు లేదు. ఎంతో సౌకర్యం దొరికిన మాట నిజమే. దానికి మారుగా చేజారినది శ్రోత అధికారం.

విశాఖ కంటైనర్ టెర్మినల్లో 2003నుంచి జరుగుతున్న పని చూస్తే ఈ తేడా బాగా బోధపడుతుంది. ఇరవై అడుగుల పెట్టె కొలతలు ప్రపంచమంతా ఒకటే. ఏ దేశపు ఓడ తెచ్చినా ఇక్కడి క్రేను ఎత్తగలదు, ఇక్కడి రైలు మోయగలదు. ఓడ కంపెనీ మూతపడినా పెట్టె పనికిరాకుండా పోదు. బహిరంగ ఫార్మాట్లో, సరైన ట్యాగులతో ఉన్న పాట ఫైలుకు ఆ గుణమే ఉంది. సాంగ్‌బర్డ్‌లో పోగుచేసి తెలుగు పేర్లు రాసుకున్న పాటలు సాంగ్‌బర్డ్ పోయినా పోలేదు. ట్యాగులు పాట ఫైలులోనే ఉన్నాయి కాబట్టి తరువాతి ప్లేయర్ వాటిని అలాగే చదువుకుంటుంది.

ఆ తరువాతి ప్లేయర్లకు కొదవ లేదు. అమరాక్ అనే ప్లేయర్ పాత కూర్పునుంచి 2010లో క్లెమెంటైన్, దాన్నుంచి 2018లో స్ట్రాబెర్రీ పుట్టాయి. వీఎల్‌సీ ఫోన్ల మీద కూడా నడుస్తుంది. ట్యాగులు దిద్దడానికి మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ ఉంది. ఇవన్నీ ఓపెన్ సోర్స్ పనిముట్లే. మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనేది పాటల వివరాల బహిరంగ డేటాబేస్. ఎవరైనా అందులో పాట, గాయకుడు, స్వరకర్త, సాహిత్యం రాసినవారి వివరాలు చేర్చవచ్చు. మూల వివరాలన్నీ ఎవరి హక్కూ లేకుండా ప్రజల సొత్తుగా ఉంటాయి. ఒక్కరు సరిగా రాసిన పేరు వేలమంది ఫైళ్లలో సరిగా కనబడుతుంది.

ఈ తరహా పనికి తెలుగువాళ్లు కొత్తవాళ్లేమీ కాదు. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను కాలేజీల్లోకి తీసుకెళ్లింది. తెలుగు వికీపీడియా ఇరవై ఏళ్ల పండగను 2024 జనవరిలో విశాఖపట్నంలోనే జరుపుకున్నారు. వ్యాసాల కోసం ఇంత శ్రమ పడినవాళ్లు పాటల వివరాలకూ కొంత పూనుకుంటే, తెలుగు సినిమా సంగీతానికీ, ఉత్తరాంధ్ర జానపదానికీ ఒక నమ్మదగిన పట్టిక తయారవుతుంది.

శ్రోతలు చేయగలిగినది అంతకంటే చిన్న పని. ఇంట్లో పాత సీడీల్లో, హార్డ్ డిస్కుల్లో న్యాయంగా సంపాదించుకున్న పాటలు ఉంటే వాటిని పారేయకూడదు. బహిరంగ ఫార్మాట్లో రెండు చోట్ల దాచుకోవాలి. ప్రతి ఫైలులో పాట పేరు, పాడినవారి పేరు, స్వరం కూర్చినవారి పేరు, రాసినవారి పేరు తెలుగులో నింపాలి. ప్లేయర్లు వస్తాయి, పోతాయి. పేర్లు సరిగా ఉన్న పాటను ఏ ప్లేయర్‌లోనైనా వినవచ్చు, వచ్చే తరానికి అందించవచ్చు.